ఏ బండికి ఏ జీపీఎస్?

ఒంగోలు కర్నూలు రోడ్డులో మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. మా బళ్లు ఇటు నెల్లూరు మీదుగా చెన్నై దాకా, అటు మార్కాపురం, గిద్దలూరు మీదుగా నంద్యాల దాకా తిరుగుతుంటాయి. ఏ డ్రైవరు ఎక్కడ దారి తప్పినా ముందు మోగేది నా ఫోనే. ఆ అర్హత చూసి కాబోలు, జీపీఎస్ గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఈ నెల సంపాదకులు నా బల్ల మీద పడేశారు. కొన్నిటికి వివరంగా, కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబిస్తున్నాను. నేను ఏ కంపెనీ సరుకూ అమ్మను, ఆ అనుమానం పెట్టుకోకండి.

ప్రశ్న: కొత్త కారు కొంటున్నాను. పై మోడల్‌లో కారులోనే నావిగేషన్ ఉంటుందట, కింది మోడల్‌లో ఆండ్రాయిడ్ ఆటో మాత్రమేనట. రెండింటికీ తేడా లక్ష దాకా ఉంది. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. చెన్నైలో మా అమ్మాయి ఇంటికి, ఎప్పుడైనా తిరుమలకు, పెళ్లిళ్లకు తప్ప పెద్దగా తిరగను. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మాస్టారూ, నావిగేషన్ కోసమే అయితే ఆ లక్ష పెట్టొద్దు. ఎయిర్‌బ్యాగుల కోసమో, ఆటోమేటిక్ గేర్ల కోసమో పై మోడల్ కావాలంటే అది వేరే లెక్క.

ఆండ్రాయిడ్ ఆటో అంటే మీ ఫోనులో ఉన్న మ్యాపే కారు తెర మీద కనబడటం. ఐఫోన్ ఉన్నవాళ్లకు అదే పని కార్‌ప్లే చేస్తుంది. ఫోనులో మ్యాపు దానంతటదే కొత్తదవుతూ ఉంటుంది. కారుతో వచ్చిన మ్యాపు అలా కాదు, చాలా కార్లలో అప్‌డేటు మనమే గుర్తుపెట్టుకుని వేయించుకోవాలి, కొన్నేళ్లు పోయాక దానికి డబ్బు అడిగేవాళ్లూ ఉన్నారు. కావలి నుంచి చెన్నైకి పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కితే మీకు మ్యాపుతో పనే లేదు. పని పడేది చెన్నైలో దిగాకే. ఫ్లైఓవర్ ఎక్కాలా, పక్కన సర్వీసు రోడ్డు పట్టుకోవాలా, ముందు ట్రాఫిక్ ఎక్కడ ఆగిపోయింది? ఈ మూడో ప్రశ్నకు నెట్ ఉన్న ఫోనే బాగా జవాబు చెబుతుంది. మ్యాపులో కనబడే ఆ ఎర్రగీతలు మన ముందు పోతున్నవాళ్ల ఫోన్లు ఎంత మెల్లగా కదులుతున్నాయో చూసి గీసేవే.

కారులో ఉండే నావిగేషన్‌కు అసలైన లాభం ఒకటుంది. దాని యాంటెనా బండికే బిగించి ఉంటుంది, ఉపగ్రహాలు కనబడని చోట చాలా కార్లలో చక్రాల తిరుగుడును బట్టి బండి ఎక్కడుందో అంచనా కట్టుకుంటుంది. పొడవాటి సొరంగాల్లో, భూమి కింది పార్కింగుల్లో అది పనికొస్తుంది. మన వైపు సొరంగాలంటే వెలిగొండ ప్రాజెక్టువి. వాటిలో పోవాల్సింది నీళ్లు గానీ కార్లు కాదు.

షోరూంకు పోయేటప్పుడు మీ ఫోను, మీ కేబులు తీసుకుపోండి. మిట్టమధ్యాహ్నం పోండి, ఎండలో తెర కనబడుతుందో లేదో తెలుస్తుంది. ఫోను కలిపి, మ్యాపు తెలుగులో మాట్లాడేలా పెట్టి, ఊరు దాటి ఒక చుట్టు తిప్పి చూడండి. మధ్యలో కనెక్షన్ ఊడిపోతుంటే అక్కడే అడగండి. డెలివరీ అయ్యాక అడిగితే మీ ఫోనుదే తప్పంటారు. ఇక అద్దానికి అతికించే విడి జీపీఎస్ తెరలు ఒకప్పుడు బాగా నడిచాయి. ఇప్పుడు మీలాంటివారికి వాటి అవసరం లేదు.

ప్రశ్న: నేను మెడికల్ రెప్‌ని. బైకు మీద పొదిలి, దోర్నాల, యర్రగొండపాలెం, గిద్దలూరు తిరుగుతాను. అడవి మొదలవగానే సిగ్నల్ పోతుంది, మ్యాపు ఖాళీ అయిపోతుంది. సిగ్నల్ అక్కర్లేని విడి జీపీఎస్ కొనాలా? బైకుకు ఫోను బిగిస్తే కెమెరా పోతుందని కూడా అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: బాబూ, సిగ్నల్ అక్కర్లేని జీపీఎస్ ఇప్పటికే మీ జేబులో ఉంది. సగం ఉత్తరాల్లో ఇదే తికమక కనబడింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

జీపీఎస్ అమెరికా వాళ్లది. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున ముప్ఫై దాకా ఉపగ్రహాలు తిరుగుతూ ఉంటాయి. ప్రతి ఉపగ్రహం ‘ఇప్పుడు టైము ఇంత, నేను ఇక్కడున్నాను’ అని ఆగకుండా చెబుతూనే ఉంటుంది. ఫోను ఆ మాటలు వింటుంది, అంతే. నాలుగింటి మాటలు అందితే మీరెక్కడున్నారో లెక్క కట్టేస్తుంది. ఇందులో టవరు లేదు, డేటా లేదు, బిల్లు లేదు. రష్యా వాళ్ల గ్లోనాస్, యూరప్ వాళ్ల గెలీలియో, చైనా వాళ్ల బైడూ, మన ఇస్రో వాళ్ల నావిక్ కూడా ఈ పనికే ఉన్నాయి. ఇప్పటి ఫోన్లు వీటిలో చాలావాటిని ఒకేసారి వింటాయి. నావిక్ మొదటి ఉపగ్రహం 2013 జులైలో మన పక్కన శ్రీహరికోట నుంచే పైకి పోయింది. అది మీ ఫోనుకు అందుతుందా అనేది ఫోనులోని చిప్‌ను బట్టి ఉంటుంది. జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసుకుని ఆరుబయట తెరిస్తే ఏ దేశం ఉపగ్రహాలు ఎన్ని అందుతున్నాయో కనబడుతుంది.

మరి మ్యాపు ఎందుకు ఖాళీ అయింది? మీరున్న చోటు ఫోనుకు తెలుసు, ఆ చోటి రోడ్ల బొమ్మ మాత్రం నెట్ నుంచి రావాలి. కాబట్టి బొమ్మను ముందే దించుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటుంది. ఒంగోలు నుంచి శ్రీశైలం దాకా, కింద గిద్దలూరు దాకా చదరం గీసుకుని ఇంట్లో వైఫై మీద దించుకోండి. ఒక మెలిక ఉంది. నెట్ లేనప్పుడు గూగుల్ కారు దారే చూపిస్తుంది, దాని టూ వీలర్ దారి రాదు, ట్రాఫిక్ రాదు. అందుకే ఆర్గానిక్ మ్యాప్స్ కూడా వేసుకోండి. అది ఉచితం, ప్రకటనలు లేవు, రాష్ట్రమంతా ముందే దించుకుని నెట్ లేకుండా నడిపేదే అది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని జనం గీసిపెట్టిన మ్యాపు మీద నడుస్తుంది కాబట్టి కొన్ని పల్లెల్లో డొంకదారులు కూడా ఉంటాయి, కొన్ని ఊళ్లకు ఉన్న తారు రోడ్డే అందులో కనబడదు. రెండూ ఒకే దారి చూపిస్తే బేఫికర్‌గా పోండి. రెండూ రెండు దారులు చెబితే బండి ఆపి టీ కొట్టులో అడగండి. నేనైతే మా డ్రైవర్లకు ఇదే చెబుతాను.

ఇంకో సంగతి. ఉపగ్రహాల జాడ చెప్పే సమాచారం ఆకాశం నుంచి సెకనుకు 50 బిట్ల చొప్పున నత్తనడకన వస్తుంది. నెట్ ఉంటే ఫోను ఆ సమాచారాన్ని అక్కడి నుంచి క్షణంలో తెచ్చుకుంటుంది. నెట్ లేని చోట లొకేషన్ అప్పుడే ఆన్ చేస్తే నిమిషాల తరబడి తడుముకునేది అందుకే. మార్కాపురంలో సిగ్నల్ ఉండగానే లొకేషన్ ఆన్ చేసి, పోవాల్సిన ఊరు పెట్టి బయలుదేరండి.

మూడు రోడ్ల కూడలిలో నిలబడితే బాణం గిర్రున తిరుగుతుందని మా కుర్రాళ్లు కూడా విసుక్కుంటారు. ఆగి ఉన్న ఫోనుకు జీపీఎస్ ఏ వైపు తిరిగి ఉన్నారో చెప్పలేదు. అది చెప్పాల్సింది ఫోనులోని దిక్సూచి. చవక ఫోన్లు కొన్నిటిలో ఆ సెన్సరే ఉండదు. నాలుగడుగులు బండి పోనిస్తే బాణం సర్దుకుంటుంది. కొత్త ఫోను కొనేటప్పుడు దిక్సూచి ఉందా అని అడగండి, షాపువాళ్లు తెల్లమొహం వేస్తారు, అయినా అడగండి.

కెమెరా మాట నిజమే. శక్తి ఎక్కువున్న మోటారుసైకిల్ ఇంజన్ల అదురు వల్ల ఐఫోన్ కెమెరాలు దెబ్బతినవచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే చెప్పింది. చేతి వణుకును సర్దే చిన్న భాగం కెమెరాలో ఉంటుంది, అదురుకు పాడయ్యేది అదే. అదురు తగ్గించే రబ్బరు ఉన్న స్టాండు దొరుకుతుంది. అంతకంటే మంచి ఉపాయం ఇంట్లో పడి ఉన్న పాత ఫోను. దానికి సిమ్ అక్కర్లేదు. ఇంట్లో వైఫైతో మ్యాపులు దించి బైకుకు బిగించండి. కెమెరా పోయినా ఏడ్చేవాళ్లు లేరు, కొత్త ఫోను ఎండకు కాగకుండా జేబులో ఉంటుంది. మే నెలలో మార్కాపురం ఎండకు హ్యాండిల్ మీది ఫోను వేడెక్కి తెర మసకబారడం మీరు చూసే ఉంటారు.

దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డు పులుల అభయారణ్యంలోది. రాత్రి పూట చెక్‌పోస్టు దగ్గర బళ్లు ఆపేస్తారు. దించుకున్న మ్యాపు ఆ సంగతి చెప్పదు, చీకటి పడ్డాక కూడా ‘తిన్నగా పొండి’ అంటుంది.

ప్రశ్న: మాది జువ్వలదిన్నె దగ్గర. నాన్న, బాబాయి ఫైబర్ బోటులో వేటకు పోతారు. ఫోనులో మ్యాపు పెట్టిస్తానంటే నాన్న వద్దంటాడు, చేతిలో పట్టుకునే జీపీఎస్ కొనమంటాడు. గవర్నమెంటు ఇచ్చే ట్రాన్స్‌పాండర్ ఉంటే ఇవేవీ అక్కర్లేదని బాబాయి అంటాడు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, బోగోలు మండలం

జవాబు: తల్లీ, మీ నాన్నదే సరైన మాట. బాబాయి మాటలో సగం నిజం.

తడి చేత్తో ఫోను తెర నొక్కితే మాట వినదు. వల లాగుతున్న చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. నెత్తిన ఎండకు ఫోను తెర కనబడదు, చార్జింగు సాయంత్రానికి అయిపోతుంది, సముద్రం మీద ప్లగ్గు లేదు. చేతి జీపీఎస్‌కు బటన్లుంటాయి, ఎండలో కూడా చదవగలిగే తెర ఉంటుంది. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే పగలంతా దాటి పనిచేసే మోడళ్లున్నాయి, అయిపోతే ఇంకో రెండు వేసుకోవచ్చు. సెల్స్ మార్చుకోగలిగే మోడలే తీసుకోండి, లోపల బ్యాటరీ ఉండేది వద్దు. డబ్బా మీద ఐపీఎక్స్ 7 అని ఉందో లేదో చూడండి. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని దాని అర్థం. ఆ పరీక్ష మంచినీళ్లతో చేసేది. ఉప్పునీళ్లు తగిలినప్పుడల్లా ఒడ్డుకు రాగానే మంచినీళ్లతో కడిగి తుడవాలి, లేకపోతే సెల్స్ పెట్టే చోట తుప్పు పడుతుంది.

సముద్రంలో రోడ్లుండవు కాబట్టి రోడ్ల మ్యాపుతో పనిలేదు. కావాల్సినవి రెండే. ఒకటి, గుర్తు పెట్టుకోవడం. చేపలు పడిన చోటు, వల చిరిగిన రాతి చోటు, హార్బరు ముఖద్వారం, ఇవన్నీ బటన్ నొక్కి పేర్లు పెట్టి దాచుకోవచ్చు. రెండు, వచ్చిన దారినే వెనక్కి రావడం. పొగమంచులోనో, ఒడ్డు లైట్లు కనబడని వానలోనో ఇదే ప్రాణం కాపాడుతుంది. నాన్న చూసే ఒడ్డు గుర్తులు మానేయమని నేను చెప్పను. గుర్తులు కనబడనప్పటికి ఇది.

ఇక ట్రాన్స్‌పాండర్. లక్ష చేపల బోట్లకు వీటిని బిగించే పథకాన్ని 2024 ఆగస్టులో ప్రారంభించారు. పరికరాన్ని రూపొందించింది ఇస్రో. టవర్లు అందని చోట కూడా ఉపగ్రహం ద్వారా ఆపదలో ఉన్నామని ఒడ్డుకు కబురు పంపవచ్చు, ఒడ్డు నుంచి తుఫాను హెచ్చరిక బోటుకు రావచ్చు. చేతి జీపీఎస్ వింటుందే గానీ ఎవరికీ ఏమీ చెప్పలేదు. బోటు తిరగబడితే మీరెక్కడున్నారో దానికి తెలిసినా ఒడ్డున మీ అమ్మకు తెలియదు. అందుకని రెండూ ఉండాలి. మీ బోటుకు ఇంకా రాకపోతే మత్స్యశాఖ వాళ్లను అడగండి. గల్ఫ్ నుంచి వచ్చే బంధువులు మెసేజీలు పంపే శాటిలైట్ పరికరమో, శాటిలైట్ ఫోనో తెస్తామంటే మాత్రం వద్దనండి. మన దేశంలో అనుమతి లేకుండా అవి దగ్గర పెట్టుకోవడం నేరం, కేసులు కూడా పెట్టారు.

అసలు తిప్పలు ఇంకో చోట ఉన్నాయి, అంకెలు రాసే పద్ధతిలో. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు చేపలు దొరికే చోట్లను అక్షాంశ రేఖాంశాలతో చెబుతారు. తోటి బోటువాళ్లు కూడా అంకెలే చెబుతారు. వాటిని డిగ్రీలు, నిమిషాలుగా రాయవచ్చు, ఒట్టి డిగ్రీలుగానూ రాయవచ్చు. ఎవరో 14 డిగ్రీల 45.30 నిమిషాలు అని చెబితే, దాన్ని 14.4530 డిగ్రీలుగా కొట్టారనుకోండి. నిజానికి అది 14.755 డిగ్రీలు. డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు కాబట్టి మీరు ముప్ఫై మూడు కిలోమీటర్లు దక్షిణంగా పోతారు. అంటే డీజిలూ పోయె, పొద్దూ పోయె. కొనగానే సెట్టింగుల్లోకి పోయి, మీ వాళ్లు వాడే పద్ధతి ఏదో కనుక్కుని అదే పెట్టండి. దూరం నాటికల్ మైళ్లలో పెట్టండి, ఒకటంటే 1.852 కిలోమీటర్లు. ఇంకో సెట్టింగు మ్యాప్ డేటమ్, అది డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి, సాధారణంగా అదే ఉంటుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. కొనేది అప్పుడు కొనండి. నాన్న చేతికిచ్చి ఇంటి నుంచి రేవు దాకా, రేవు నుంచి ఇంటికి నడిపించండి. ఆయనకు బటన్లు అలవాటయ్యాకే బోటు ఎక్కించండి.

ప్రశ్న: నాకు రెండు టిప్పర్లున్నాయి. డీజిల్ లెక్క తేలడం లేదు. జీపీఎస్ ట్రాకర్లు వెయ్యి రూపాయలకూ ఉన్నాయి, దానికి ఎన్నో రెట్లకూ ఉన్నాయి. ఏది మంచిది? ఇంజను దూరం నుంచి ఆపే సౌకర్యం కూడా ఇస్తామంటున్నారు.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: అన్నా, ట్రాకర్ డ్రైవరుకు దారి చెప్పదు, డ్రైవరెక్కడున్నాడో మనకు చెబుతుంది. లోపల జీపీఎస్ ముక్క ఒకటి, సిమ్ ఒకటి ఉంటాయి. సిమ్‌కు టవరు కావాలి, కాబట్టి మార్కాపురం రెప్‌కు చెప్పిన ‘నెట్ అక్కర్లేదు’ మీకు వర్తించదు.

డబ్బా ధర చూసి కొనకండి. ఏటా కట్టాల్సింది ఎంత, సిమ్ ఎవరి పేరు మీద ఉంటుంది, కంపెనీ మూతపడితే ఆ డబ్బా ఇంకో యాప్‌లో పనిచేస్తుందా? ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. టవరు లేనప్పుడు తిరిగిన దారి లోపల దాచుకుని, టవరు రాగానే పంపే రకమే కొనండి. బ్యాటరీ వైరు పీకినా కాసేపు బతికే లోపలి బ్యాటరీ ఉండాలి, పీకిన వెంటనే మీకు మెసేజి రావాలి. బస్సులు, ట్యాక్సీల వంటి ప్రయాణికుల బళ్లకు ఏఐఎస్ 140 ప్రమాణమున్న ట్రాకరు, ఆపద బటను ఉండాలని నిబంధన ఉంది. మీ టిప్పర్లకు రవాణా శాఖ, గనుల శాఖ ఏం అడుగుతున్నాయో కనుక్కున్నాకే కొనండి, లేకపోతే రెండు సార్లు కొంటారు.

డీజిల్ లెక్క మాత్రం ట్రాకరు ఒక్కటే తేల్చదు. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఇంజను ఆన్‌లో ఉండి ఎంతసేపు ఊరికే నిలబడింది అన్నవి చెబుతుంది. ట్యాంకులో ఎంతుందో చెప్పాలంటే విడిగా ఫ్యూయల్ సెన్సరు వెయ్యాలి, ట్యాంకు నింపుతూ దాన్ని సరిచూడాలి. చాలామంది ఆ పని సరిగ్గా చేయరు, తర్వాత సెన్సరు అబద్ధం చెబుతోందంటారు.

ఇంజను ఆపే రిలే వద్దే వద్దు. లోడుతో పోతున్న టిప్పరు ఇంజను రోడ్డు మధ్యలో ఆగితే స్టీరింగు బిగుసుకుంటుంది, కాసేపటికి బ్రేకు గాలీ అయిపోతుంది. దొంగ కంటే ముందు అది మీ డ్రైవరునే చంపుతుంది.

బండి క్వారీ గుంతలో ఉండగా మ్యాపులో దాని గీత అటూ ఇటూ గంతులేస్తుంది. లోతులో ఆకాశం కొంచెమే కనబడుతుంది, సిగ్నలు రాతి గోడలకు కొట్టుకుని వస్తుంది. రాత్రంతా షెడ్డులో నిలబెట్టిన బండి రెండు కిలోమీటర్లు తిరిగినట్టు కూడా కొన్ని చూపిస్తాయి. అది పట్టుకుని తెల్లారే డ్రైవరు మీద అరవకండి. అయితే పట్టపగలు, బయలు రోడ్డు మీద, రోజూ ఒకే చోట సిగ్నలు పోతుంటే యాంటెనాకు సిల్వర్ పేపరు చుట్టారేమో చూసుకోండి. ఉపగ్రహాల సిగ్నలు ఎంత బలహీనమంటే ఆ కాగితం చాలు. ట్రాకరు వేసే ముందే డ్రైవర్లకు చెప్పి వెయ్యండి. మా దగ్గర చెప్పే వేశాం, మానేసిన డ్రైవరు లేడు.

ప్రశ్న: ఫోనులో పొలం చుట్టూ నడిస్తే ఎకరాలు చెప్పే యాప్ ఉంది. దాంతో కొలిస్తే పక్కవాళ్లు నా ఇంటి స్థలంలోకి వచ్చినట్టు తేలింది. ఇది చూపించి గట్టిగా అడగొచ్చా?
– ఒక పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: వద్దండీ. ఆరుబయట, మంచి ఆకాశం కింద కూడా ఫోను జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. మీ స్థలం 12 మీటర్ల పొడవున్న ఒక వైపు హద్దు మూడు మీటర్లు తేడాగా పడిందనుకోండి, 36 చదరపు మీటర్లు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగుల లెక్కన అయిదు అంకణాలకు పైనే. ఆ అయిదు అంకణాల కోసం తరతరాల పక్కింటివాళ్లతో తగువు పెట్టుకుంటారా? అదే అయిదెకరాల వరి మడిలో ఒక వైపు మూడు మీటర్లు తప్పితే పది సెంట్లకు కాస్త ఎక్కువ. కోత మిషనుకు ఎన్ని ఎకరాల డబ్బులివ్వాలో మాట్లాడుకోవడానికి, ఎరువు అంచనాకు ఆ యాప్ బ్రహ్మాండం. హద్దులకు పనికిరాదు. రీసర్వేలో సర్వేయర్లు కర్ర మీద పెట్టుకుని తిరిగే రోవరు కూడా ఉపగ్రహాలనే వింటుంది గానీ, స్థిరంగా ఉన్న ఇంకో కేంద్రం నుంచి సవరణలు తీసుకుని సెంటీమీటర్లలో చెబుతుంది. కొలతకు మండలం సర్వేయరుకు అర్జీ పెట్టుకోండి.

ప్రశ్న: మా మామగారికి మతిమరుపు. రెండుసార్లు ఇంట్లోంచి వెళ్లి తప్పిపోయారు. ఆయన జేబులో పెట్టడానికి తాళాలకు తగిలించే చిన్న బిళ్లలు అమ్ముతున్నారు. కొననా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఆ బిళ్లల్లో చాలావాటిలో జీపీఎస్ ఉండదమ్మా. ఎయిర్‌ట్యాగ్ లాంటివి బ్లూటూత్ మీద పనిచేస్తాయి. పక్కనుంచి పోయే వేరేవాళ్ల ఫోన్లు దాన్ని గమనించి చోటు చెప్పాలి. ట్రంకు రోడ్డులో దొరుకుతారు, పెన్నా ఒడ్డుకు నడిచిపోతే దొరకరు. మీకు కావాల్సింది సిమ్ వేసే జీపీఎస్ వాచీ. పట్టీ సులువుగా ఊడరానిది, ఎస్‌ఓఎస్ బటన్ పెద్దది చూడండి. రోజూ చార్జింగు పెట్టాలి, ఆయన స్నానం చేసే వేళ పెడితే అలవాటవుతుంది. ఇంటి చుట్టూ గీత గీసి, దాటితే మీ ఫోను మోగేలా పెట్టుకోవచ్చు. గీత మరీ దగ్గరగా గీస్తే జీపీఎస్ తేడాకే గంటకోసారి మోగి టెన్షన్ పెడుతుంది, వంద మీటర్లకు తగ్గించకండి. ఇంకా, చొక్కా లోపల మీ నంబరు కుట్టండి. దానికి చార్జింగు అక్కర్లేదు.

ప్రశ్న: కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశానికి లొకేషన్ పంపితే బంధువులు పక్క ఊరికి పోతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నెల్లూరు రూరల్

జవాబు: ఊరి పేరు కొట్టి వచ్చిన పిన్ను పంపి ఉంటారు. మన వైపు కొత్తపాలేలు, కొత్తూళ్లు ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు. ఇంటి గేటు బయట నిలబడి, నీలం చుక్క చుట్టూ ఉన్న లేత వలయం చిన్నదయ్యేదాకా ఆగి, అక్కడ వేలు నొక్కిపెట్టి పిన్ను దించి అది పంపండి. అదే చోట ప్లస్ కోడ్ అని అక్షరాలు, అంకెలు కలిసి కనబడతాయి, కార్డు మీద అచ్చు వేయించండి. పోస్టల్ శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ కూడా ఇలాంటిదే. పది అక్షరాలు, అంకెలతో నాలుగు మీటర్ల చదరాన్ని గుర్తిస్తుంది. అయితే బంధువులు దాన్ని వాడటం ఇంకా అలవాటు చేసుకోలేదు.

కార్డులో రెండు వాక్యాలు కలపండి. మెయిన్ రోడ్డు నుంచి ఏ గుడి దగ్గర, ఏ కొట్టు పక్కన తిరగాలో ఒకటి. వాన పడితే ఆత్మకూరు బస్టాండు అండర్‌బ్రిడ్జి వైపు రావద్దని ఇంకొకటి. ఫోను నంబరు కూడా వెయ్యండి. పీటల మీద కూర్చునే మీ ఇద్దరిదీ కాదు, ఆ పూట ఫోనెత్తే తీరికున్నవాళ్లది.